అత్తమ్మ పాదాలకు తెలిసింది

ఏమండీ,

రజాకార్ల గొడవతో బస్సులు బందయ్యాయి. అత్తమ్మకు విటమిన్ సూదిమందు తేవడానికి రైల్లో వరంగల్ దవాఖానకు పోతున్నాను, సాయంత్రానికి వస్తాను. మీరు దంపుడు బియ్యమే వండండి. ఒక్కసారే కడగండి, గంజి వార్చకండి, ఆమెకు కొలిచి పెట్టండి. చక్కెర జబ్బులో బీ విటమిన్ మూత్రంలో పోతుందట; ఆమె పాదాల తిమ్మిరికి అదీ ఒక కారణమని డాక్టరమ్మ చెప్పింది. బియ్యంలో ఉన్న ఆ కాస్త విటమిన్‌ను కడుగునీళ్లతో నేనే పారబోశాను. కొత్తకోడలి శుభ్రం చూపించాలని పాలిష్ బియ్యాన్ని ఏడు నీళ్లు కడిగాను! నవ్వకండి. నిన్న ఒప్పుకుంటే అత్తమ్మ, "గింత సదువు సదివినవ్, బియ్యం కడుగుడు రాదా బిడ్డా?" అన్నది. ముల్లు గుచ్చినా ఆమెకు తెలియడం లేదు, చెప్పుల్లేకుండా వాకిట్లోకి పోనివ్వకండి.

రూతు

మరిచాను! పొద్దున తడిచేత్తో పాదం పట్టుకుంటే, "అబ్బ, సల్లగున్నయే నీ చేతులు!" అన్నది. చల్లదనం తెలిసిందండీ!