యోహాను చొక్కా

ఆళ్లగడ్డ, మార్చి 1984

బంగారు చిన్నీ,

ప్రభువు దయవల్ల బాగున్నాము. ఆదివారం ప్రార్థన అయినాక మన చర్చిలో, ఊపిరి ఆగినవాళ్ల రొమ్ము ఎట్లా నొక్కాలో అందరికీ నేర్పుతానని రాసినావు. నర్సు చదువు చదివేది అందుకే, కాదనను. కానీ మన వీధికి వద్దమ్మా. పోయిన ఎండాకాలం తమ్ముణ్ణి కాలువలోనుంచి తీసినప్పుడు, నీళ్లు కక్కుతాడని మీ నాయన తలకిందులుగా భుజాన వేసుకుని చేను చుట్టూ పరుగెత్తినాడు. అందరూ అట్లనే చెయ్యమన్నారు. అది తప్పని నువ్వు పదిమందిలో చెబితే ఆ మనిషి ఏమవుతాడు? నీ జాబు చదివి వినిపిస్తే కంచం ముందునుంచి లేచిపోయినాడు.

నాకొక్కదానికి చెప్పు. నొక్కి ఉంటే యోహాను బతికేవాడా?

నీ తల్లి, సువార్తమ్మ

నంద్యాల

అమ్మా,

బతికేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను. అప్పుడు మనకు ఎవరూ నేర్పలేదు, అంతే. ఆ కాలువలో పిల్లలు ఇప్పటికీ ఈదుతున్నారు కదా. తమ్ముడి మాట, నాయన మాట ఎత్తను. రొమ్ము నొక్కేది, నోటితో ఊపిరి ఊదేది మాత్రం చూపిస్తాను. బాగున్న మనిషిని నొక్కి నేర్పకూడదు. పాత చొక్కా ఏదైనా ఉంటే పత్తి గట్టిగా కుక్కి బొమ్మ కుట్టి పెట్టు.

నీ లూదియా

ఆళ్లగడ్డ

చిన్నీ,

బస్సులో సీటు దొరికిందా? నువ్వు చర్చిలో అందరికీ నేర్పించి పోయినాక మన వీధి ఓబులమ్మ, "మొగోళ్ల నోట్లో నోరు పెట్టమంటాది నీ కూతురు. బొమ్మకు మీసాల్లేవు గాబట్టి సరిపాయె" అని అందరినీ నవ్వించింది. గట్టిగా నొక్కింది మళ్లీ ఆమెనే. నాకే చేతులు రాలేదు. ఎవరి చొక్కా అని నువ్వు అడగలేదు. గుర్తుపట్టినావని నాకు తెలుసు.

మీ నాయన రాలేదనుకున్నాము గదా. చర్చి కిటికీ బయట నిలబడి చూసినాడంట. నిన్న నేను నీళ్లకు పోయి వచ్చేసరికి, బొమ్మను వసారాలో వెల్లకిలా పండబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని నొక్కుతున్నాడు. ఒళ్లంతా చెమట. కుట్లు తెగి పత్తి బయటికి వస్తోంది.

"సాలు, లెయ్యి లూదీ నాయనా" అన్నాను.

"ఇంగ రోంచేపు" అన్నాడు.

బిందె దించకుండా అట్లనే నిలబడినాను. తల ఎత్తకుండానే అడిగినాడు: "పాప ఇట్లనేనా సూపిచ్చింది?"

"ఇట్లనే" అన్నాను.

తెగినచోట మళ్లీ కుట్టినాను. రుద్రవరం చర్చివాళ్లు కూడా నిన్ను రమ్మంటున్నారు. పో. ఈ బొమ్మను మాత్రం అడగొద్దు, మీ నాయన ఇచ్చేటట్టు లేడు. ఇంకొకటి కుడతాను.

డ్యూటీ అని చెప్పి పస్తు ఉండొద్దు. కడుపునిండా అన్నం తిను.

అమ్మ