కాగితం మీది శాంటియాగో

అల్ ఖోబర్, సౌదీ అరేబియా

ఖాలిదాకు,

ఇక్కడ విదేశీయుల కుటుంబాల మీద ఫీజు పడి నువ్వు కడప వెళ్లిన ఏడాదికే, ట్రావెల్ ఆఫీసులో నా ఉద్యోగం కూడా సౌదీలకే అన్నారు. నా కుర్చీలోకి వచ్చిన నూఫ్ అనే సౌదీ అమ్మాయికి పనంతా నేనే నేర్పాను.

చిలీ వెళ్లే ఇంజనీర్ల కుటుంబాల వెంట ఎవరిని పంపాలా అని యజమాని ఆలోచిస్తుంటే, "ఇతన్నే పంపండి, దారులన్నీ తెలుసు" అని ఆ అమ్మాయే చెప్పింది. పదేళ్లు కాగితం మీద అమ్మిన శాంటియాగోను, వాల్పరైసో సముద్రాన్ని, ద్రాక్షతోటలను ఐదు రోజులు తిప్పి చూపించాను. తోటలో ఒక గుంటూరు పెద్దావిడ, "ఇంతకుముందు ఎన్నిసార్లొచ్చావు బాబూ?" అని అడిగింది.

"ఇదే మొదటిసారండీ" అంటే నమ్మలేదు.

వచ్చే నెల ఫైనల్ ఎగ్జిట్ మీద సౌదీ పూర్తిగా వదిలి వచ్చేస్తున్నాను. ఇంటికొచ్చి ఉద్యోగం వెతకను, సొంతంగా టూర్లు నడుపుతాను. ఆ గుంటూరు పెద్దావిడ చెల్లెళ్లు నలుగురు అప్పుడే పేర్లిచ్చారు. నీ పాస్‌పోర్టు గడువు చూసి పెట్టు, మొదటి బృందంలో నువ్వూ ఉన్నావు.

మీ ఆయన