కెప్టెన్ కరాళుడి రెండో భాగం

నాచారం,
ఆదివారం.

బావకు రాణి నమస్కారాలు.

నేనూ మన పాప ఉదయశ్రీ ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ ఒంట్లో నలత లేకుండా, వేళకు ఇంత తింటూ ఉన్నావని నమ్ముతున్నాను. ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు విప్పి చదివే జైలు సారుకు కూడా నమస్కారాలు. సారూ, ఇందులో గుట్టేమీ లేదు. కాసిని తిట్లు మాత్రం ఉంటాయి, అవి మీకు కాదు.

ములాఖత్‌కు ఎందుకు రాలేదని అడిగావు. వచ్చి ఏం చేయను? జాలీకి అటు నువ్వు, ఇటు నేను, మన చుట్టూ పదిమంది అరుపులు. పైగా నాకు కోపం వచ్చే మాట దగ్గరికి రాగానే నువ్వు తల దించుకుంటావు. ఉత్తరమైతే ఆ వీలు లేదు. చివరిదాకా చదవాల్సిందే.

పాప బడి గురించి అడిగావు. రోజూ పోతోంది. డాడీ పని మీద ఊరికి వెళ్ళాడని చెప్పమన్నావు కదా, నేను చెప్పలేదు. ఎందుకంటే దాని క్లాసు పిల్లలకు అంతా ముందే తెలుసు. మొన్న జడ వేస్తుంటే, “మమ్మీ, డాడీ గోడ గూలగొట్టి ఎవరో తాత కాలిరగ్గొట్టిండట, నిజమేనా?” అని అడిగింది. జడ గట్టిగా లాగాను, పాపం. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఇద్దరం ఆలస్యంగా వెళ్ళాం. కంపెనీలో సూపర్‌వైజర్ చేత మాట పడ్డాను. పచ్చళ్ళ సీసాలకు మూతలు బిగించే పనికి అంత పరుగేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక నీ నవల్లోని కెప్టెన్ కరాళుడి సంగతికి వద్దాం. ఎప్పుడెప్పుడు వస్తానా అని చూస్తుంటావు. పోయిన ఉత్తరమంతా వాడే. పెళ్ళాం పిల్లా ఎట్లా ఉన్నారని ఒక వాక్యం, ఓడదొంగ మీసం ఎట్లా ఉంటుందో ఒక పేజీ. నీకు జైలు లైబ్రరీలో రామాయణం దొరకలేదా, తోటపని పుస్తకం దొరకలేదా?

నీ కరాళుడు రేవులకు రేవులే తగలబెట్టినవాడట. పేరు వింటే రాజులకు చెమట పడుతుందట. కానీ తన ఓడ మీది వాళ్ళంటే ప్రాణం పెడతాడట. వాళ్ళతో ఒకే పళ్ళెంలో తింటాడట, గాయమైతే తన తలపాగా చించి కట్టు కడతాడట, ఒక్కొక్కడినీ ‘తమ్ముడూ’ అని పిలుస్తాడట. నువ్వు బ్యారక్‌లో పైకి చదువుతుంటే అందరూ కళ్ళు తుడుచుకున్నారని రాశావు. తుడుచుకోరా మరి, కాలిపోయిన రేవుల్లో వాళ్ళ ఇళ్ళు లేవు కదా. ఒకే పళ్ళెం సరే, అందులోకి అన్నం ఎవరు వండారు బావా? తిన్నాక పళ్ళెం ఎవరు తోమారు? అంత లావు పుస్తకంలో ఒక్క ఓడదొంగకైనా పెళ్ళాం ఉందా? ఉండదు. ఉంటే ఆ కథ రెండు పేజీల్లో తెమిలిపోయేది.

మొదటి భాగం చివర చుక్కాని పట్టే మల్లడు కోట సైనికులకు చిక్కి ‘నేనే కరాళుణ్ణి’ అని చెప్పాడనీ, ఆ సందులో ఓడ తప్పించుకుందనీ, కరాళుడు దూరం నుంచి ‘తమ్ముడూ, నీకోసం వస్తా’ అని కేక పెట్టాడనీ రాశావు. రెండో భాగం అక్కడ లేదు, ఎక్కడైనా వెతికి, వాడు వచ్చాడో లేదో చూసి రాయమన్నావు. ఎవరో మల్లడి మీద నీకంత బెంగ ఎందుకో తెలియనంత మొద్దును కాను.

అందుకే ముందు మన ఇంటి కరాళుడి గురించి చెప్తాను. నీకు తెలిసిందే అయినా మళ్ళీ చదువు. నువ్వు పోలీసులకు చెప్పింది వేరే కథ కాబట్టి అసలు కథ ఒక్కసారైనా కాగితం మీద ఉండాలి.

నారపల్లిలో ప్లాట్లు కోసి అమ్మే దుర్గేష్ అన్న పుట్టినరోజు. ఉప్పల్ చౌరస్తా నుంచి దారి పొడుగునా ఫ్లెక్సీలు. వాటిలో అన్న పులి పక్కన నిలబడ్డాడు, పులే సిగ్గుపడుతున్నట్టు కనబడింది. కత్తితో కేకు కోశాడు. నువ్వు నడిపే జేసీబీ బకెట్‌లో బంతిపూలు నింపించి నెత్తిన పోయించుకున్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. నీ బండి తాళం అడిగాడు. ఆ సీట్లో కన్నతండ్రి కూర్చుంటానన్నా ఒప్పుకోనివాడివి, తీసి చేతిలో పెట్టావు. అన్న పుట్టినరోజు, అన్న అడిగిండు, ఎట్ల కాదంట అన్నావు తర్వాత నాతో.

నిన్ను బిర్యానీ పొట్లాలకు ఉప్పల్ పంపాడు. అక్కణ్ణించి నువ్వు నాచారం వచ్చి, వడ్డించే సాయానికి నన్ను కంపెనీ గేటు దగ్గర ఆటోలో ఎక్కించుకున్నావు. ఒళ్ళో పొట్లాల వేడికి తొడలు కాలుతుంటే ఇద్దరం నారపల్లి చేరాం. అప్పటికే పక్క జాగా గోడ కూలిపోయి ఉంది. ఆ జాగా వాచ్‌మన్ హన్మయ్య ముసలాయన గోడ నీడన కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాళ్ళ కింద పడి అరుస్తున్నాడు. అన్న మెడలో పూలదండతోనే జేసీబీ దిగుతున్నాడు. దిగి హన్మయ్య దగ్గరికి పోలేదు. నీ దగ్గరికి వచ్చాడు.

“తమ్మీ, మనం ఒక్క తలెల తిన్నోళ్ళం. జర నువ్వు మీదేస్కో. నీ ఇల్లు ఇంగ నా ఇల్లు” అన్నాడు. నువ్వు తల ఊపావు. నేను నీ పక్కనే ఉన్నాను బావా, బిర్యానీ సంచులు పట్టుకుని. నావైపు చూడనైనా చూడలేదు. మీరంతా శుక్రవారం శుక్రవారం చుట్టూ చేరి తిన్న ఆ పెద్ద పళ్ళెంలోకి బగారన్నం వండింది నేను. తోమింది నేను. ఒక్క తలెలో తిన్నవాళ్ళ లెక్కలో మాత్రం నేను లేను.

అన్న ఇల్లు చూసుకుంటున్నాడా అని అడిగావు. చూసుకుంటున్నాడు. ఒక బియ్యం బస్తా పంపాడు, దాని పక్కన నన్నూ పాపనూ నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. బెయిలు సంగతి అడిగితే అన్న పెట్టిన లాయరు “ఇప్పుడే వద్దమ్మా, సమయం చూద్దాం” అంటాడు. ఎవరి సమయమో చెప్పడు. ఒకరోజు అన్నే స్వయంగా వచ్చి, “చెల్లె, నువ్వేం ఫికర్ జెయ్యకు. దయాకర్ నా సొంత తమ్మునోలె” అన్నాడు.

“తమ్ముడైతే నువ్వే లోపలికి పో అన్నా. ఆయనొచ్చి నీ ఇల్లు సూసుకుంటడు” అన్నాను.

నవ్వాడు. వెంట వచ్చినవాళ్ళు కూడా ఆయన నవ్వాడు కదా అని నవ్వారు. ఛీ, ఆ నవ్వులు! ఒక్కడికైనా సొంత నోరుందా అనిపించింది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. రెండో భాగం మన బస్తీ పాత కాగితాల కొట్లో దొరికింది, అట్ట లేదు. కరాళుడు రాకూడదని కోరుకుంటూ చదివాను. రాలేదని నీకు పెద్ద అక్షరాలతో రాసి కసి తీర్చుకుందామనుకున్నాను.

కానీ వచ్చాడు బావా. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఓడ లేదు, ఫిరంగులు లేవు. ఒక్కడే నడిచివచ్చి కోట గుమ్మం ముందు కత్తి పడేసి, ‘కరాళుణ్ణి నేను. వాడు నా చుక్కాని పట్టేవాడు. వాణ్ణి వదలండి’ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నీమీద ఒట్టు. ఊళ్ళు కాల్చిన ఆ వెధవకు కూడా తన పేరు తాను చెప్పుకునేంత సిగ్గు ఉంది. నెత్తిన పూలు పోయించుకున్నవాడికి అది లేదు. నువ్వు నమ్ముకోవడానికి కనీసం మంచి దొంగ కూడా దొరకలేదు.

ఇక ఇంతసేపూ నాన్చిన మాట చెప్పేస్తాను. పుస్తకం మూసిన మర్నాడే నేను పండ్లు తీసుకుని చెంగిచెర్లలో హన్మయ్య ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఆయన భార్య సత్తమ్మ అడ్డం నిలబడింది.

“నీ మొగడు మా ముసలోని కాలు దీసిండు. నువ్వు పండ్లు వట్టుకొని వచ్చినవా? సిగ్గు లేదె నీకు?” అంది.

“బండి నడిపింది మా ఆయన గాదు పెద్దమ్మా. దుర్గేష్ అన్న” అన్నాను.

ఆమె నోరు తెరిచేలోపు లోపల మంచం మీది నుంచి హన్మయ్య, “నాకెరికే బిడ్డా” అన్నాడు. “నాలుగేండ్ల సంది దయాకర్‌ను సూస్తున్న. గోడ ముట్టే ముందు బండి దిగుతడు, అవుతలికొచ్చి ఎవలన్న ఉన్నరా అని ఒర్లుతడు, అటెన్కనే బండెక్కుతడు. గా దినం ఎవలు దిగలే, ఎవలు ఒర్లలే. గందుకే నేను లేవలే.”

“మరి పోలీసోళ్ళకు ఎందుకు చెప్పలే తాతా?”

“నీ మొగడే నేను జేసిన అని ఒప్పుకున్నంక, గోడవుతల ఉన్నోని మాట ఎవడింటడు?”

బావా, నువ్వు అన్నను కాపాడాననుకుంటున్నావు. ఆ ముసలాయన నోరు నొక్కావు. రాడ్లు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని, నువ్వు మంచివాడివని ఆయనే నాకు చెప్పాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. సత్తమ్మ పండ్లు తీసుకోలేదు. “మరి ఇన్ని దినాలు నోట్ల ఏం వెట్టుకున్నవే?” అని మాత్రం అడిగింది.

అక్కణ్ణించి ఇంటికి పోలేదు. నేరుగా స్టేషన్‌కు పోయి, ఆ రోజు నువ్వు ఎక్కడున్నావో, నేను ఎక్కడున్నానో, జేసీబీ దిగింది ఎవరో అంతా చెప్పి సంతకం పెట్టాను. తర్వాత పోలీసులు ఇంటికి వెళ్తే హన్మయ్య కూడా తన మాట చెప్పాడు. ఇప్పుడు నీకు వేరే లాయరమ్మ ఉంది, పేరు అరుణకుమారి. వాయిదాకు ముందే నిన్ను కలుస్తుంది. నిన్ను అడగకుండా చేశాను. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు.

నిన్న అన్న మనుషులు బండ్ల మీద మన గల్లీలో తిరిగారు. ఒకడు ఆగి, “వదినా, గిట్ల జేస్తవనుకోలే” అన్నాడు. “నేను గూడ అనుకోలే” అన్నాను. భయం లేదని చెప్పను. గడియ పెట్టి, తలుపుకు అడ్డంగా ఆ బియ్యం బస్తా జరిపి పడుకున్నాం.

వాయిదా రోజు నేను కోర్టులో నీ ఎదురుగానే నిలబడతాను. హన్మయ్యను ఆటోలో తీసుకొస్తున్నాం. జడ్జిగారు అడిగినప్పుడు బండి నేనే నడిపానని నువ్వు మళ్ళీ అన్నావంటే, నీ పెళ్ళాం అబద్ధం చెప్పిందని నలుగురిలో అన్నట్టే, ఆ ముసలాయన కాలు రెండోసారి విరగ్గొట్టినట్టే. ఆ తర్వాత నీకు ఉత్తరం రాయడానికి నా దగ్గర మాటలుండవు. నిన్ను వదిలేస్తానని బెదిరించడం లేదు. నువ్వు నన్ను వదిలేశావని అప్పుడు నేను ఒప్పుకుంటాను, అంతే. ఇంత కోపం నీమీద ప్రేమ లేకుండా రాదని నీకు తెలుసు. తల దించుకోకుండా నావైపు చూసి జవాబు చెప్పు బావా.

ఇట్లు,
నువ్వు తల ఊపినప్పుడు నీ పక్కనే నిలబడి ఉన్న
నీ మరదలు, నీ భార్య
రాణి