'క్వైట్' సంగతి రాత్రికి

ఏమండీ,

కూర గిన్నెలో ఉంది, షిఫ్టుకి వెళ్లే ముందు వేడి చేసుకోండి. గ్యాస్ కట్టేయడం మరిచిపోకండి.

ఇంటర్వ్యూ కోసం మీరు తేడా తెలియక రాసి పెట్టిన ఇంగ్లీషు మాటలు చూశాను. 'లూస్' అంటే వదులు, ఈ మధ్య మీ ప్యాంటు నడుము దగ్గర ఉన్నట్టు. 'లూజ్' అంటే పోగొట్టుకోవడం, మీరు నా గొడుగు పోగొట్టినట్టు. 'క్వయట్' అంటే నిశ్శబ్దం. మీకు రెండో షిఫ్టు వేసినప్పటి నుంచి మనిల్లు అలాగే ఉంది.

దాని జంట మాట 'క్వైట్' గురించి కావాలనే రాయలేదు. రాత్రి రాగానే నన్ను లేపి అడగండి. పాపం పడుకుందిలే అని దుప్పటి కప్పేసి వెళ్లిపోకండి.

అన్నట్టు, మీరు దుప్పటి కప్పేటప్పుడు నేను మేలుకునే ఉంటాను. మీరు వచ్చి తాళం తీసే చప్పుడు వినపడ్డాకే కళ్లు మూసుకుంటాను.