ఎదురు కొండ పలకని పాట

శుక్రవారం

నాలుగు స్వరాలు దాటితే సూర్యం గొంతు చీలిపోతుంది. అయినా నాటక సమాజం అతనిది కాబట్టి హీరో వేషం అతనిదే. నెల రోజులుగా నేను చేస్తున్నది పాటలు రాయడం కాదు, అతని గొంతు కొలతకి కత్తిరించే దర్జీ పని. చోడి (రాగి) నాట్ల పాటలో పై స్థాయి చరణం మొత్తం తీసేశాను.

"ఇప్పుడు కుదిరింది గురూ" అన్నాడు.

ఆ పాట నాకు నేర్పిన సుక్రమ్మ ఇవాళ సంత చూసుకుని రిహార్సల్‌కి వచ్చింది. వాళ్ల ఊళ్లో ఈ కొండ మీది ఆడవాళ్లు పాట ఎత్తుకుంటే, ఎదురు కొండ మీదివాళ్లు పై స్థాయిలో జవాబు పాడాలి. జవాబు రాలేదంటే అక్కడెవరో పోయారని నాట్లు ఆపేసి వెళ్తారు.

సుక్రమ్మ చివరిదాకా విని అడిగింది.

"ఎదురు కొండోలు పలకనేదేటి మేస్టారూ? ఎవులు పోనారు?"

సూర్యం పక్కనే ఉన్నాడు. "టైము చాలక తీసేశానమ్మా" అన్నాను.

ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

రేపు నాటకం చూసే జనానికి సూర్యం గొంతు చిన్నదని అనుమానం కూడా రాదు. అంత బాగా కత్తిరించాను. పాటే చిన్నదనుకుంటారు.