మేనమామ పాయ

హా, భూటాను
15 అక్టోబరు 1964

ప్రియమైన తమ్ముడు బ్రహ్మానికి,

మేము క్షేమంగా చేరినాము. ఊరి పేరు హా. నవ్వకు, పేరే అంత. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కినప్పటి నుంచి హౌరా దాకా ఒక ఎత్తు, ఆ తర్వాత ఒక ఎత్తు. గంగను స్టీమరులో దాటినాము. రోడ్డు ఆగిపోయిన చోట నన్ను కంచరగాడిద ఎక్కించినారు, గురవయ్యను వీపుకు కట్టుకున్నాను. మీ బావ పక్కన నడుస్తా, "గట్టిగా పట్టుకోవే, గొర్రె మీద కూర్చున్నట్టు కూర్చుంటే ఎట్ల?" అన్నాడు. గొర్రె మీద ఎవరు కూర్చుంటారని అడిగితే కంచరగాడిదను అదిలించి ముందుకు నడిచినాడు.

రెండు గదుల ఇల్లు ఇచ్చినారు. రాతి గోడలు, పైన చెక్కలు, అవి గాలికి లేచిపోకుండా వాటి మీద మళ్ళీ రాళ్ళు. నడుమ ఇనప పొయ్యి, దానికి పొగగొట్టం. ఇక్కడ నీళ్ళు బిరబిరా మరుగుతాయి గానీ బియ్యం ఉడకదు. వచ్చిన కొత్తలో పలుకు అన్నమే తిన్నాము. జొన్నలు లేవు. వీళ్ళు తినే నల్లటి పిండి ఒకటి ఉంది, దానితో సంగటి కెలికినాను. రంగు వచ్చింది, రుచి రాలేదు. మిరపకాయలు మాత్రం మనకంటే ఎక్కువ తింటారు. అది చూసినాక ఈ ఊళ్ళో బతకగలనని ధైర్యం వచ్చింది.

మీ బావ, మన పటాలం వాళ్ళూ పొద్దున్నే పోయి ఇక్కడి సిపాయిలకు కవాతు నేర్పుతారు. పక్కింట్లో ఎలీషబా అని గిద్దలూరు పిల్ల ఉంది. తెలుగు మాట్లాడే ఆడమనిషి ఆమె ఒక్కతే. అందుకని పొద్దున పోట్లాడుకున్నా సాయంత్రానికి కలవక తప్పదు.

అసలు సంగతికి వస్తాను. మూడో ఏడు దాటకముందే గురవయ్యకు పుట్టువెంట్రుకలు తీయాలి. మేము బయలుదేరే ముందు నెమలిగుండం గుడి దగ్గర అందరమూ నీ కోసం కూర్చున్న రోజు నేను మరిచిపోలేదు. అమ్మ పసుపు బట్ట పరుచుకొని, నువ్వు మేనల్లుడికి ఇవ్వాల్సిన గొర్రెపిల్లను పట్టుకొని పొద్దు వాలేదాకా చూసింది. నువ్వు మార్కాపురంలో మూఢాచారాల మీద ఉపన్యాసం ఇస్తున్నావు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకొని కత్తెర పట్టకుండా మన ఇండ్లలో ఏ బిడ్డకూ జుట్టు తీయలేదు. వీడి జుట్టు భుజాలు దాటింది. ఇక్కడివాళ్ళు ఆడపిల్ల అనుకుంటున్నారు.

మాకు సెలవు ఎప్పుడిస్తారో తెలియదు. నువ్వే రా. మీ బావ పర్మిట్టు తీయిస్తానన్నాడు.

నీ కోసం చూసే అక్క,
రమణమ్మ


మార్కాపురం
22 నవంబరు 1964

ప్రియమైన అక్కకు,

నీ జాబు అర్ధవీడు తీసుకుపోయి అమ్మకు చదివి వినిపించినాను. కంచరగాడిద దగ్గర నవ్వింది, సంగటి దగ్గర ఏడ్చింది.

రెండు విషయాలు చెప్తాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా చెప్తాను.

ఒకటి. పరాయి దేశంలో మన పటాలానికి పనేంది? సిపాయిలను తయారు చేసి శాంతిని తెచ్చిన దేశం ప్రపంచ చరిత్రలో లేదు. బావ మంచివాడు, అది వేరే సంగతి. ఆ పటాలం ఇచ్చే పర్మిట్టు పట్టుకొని నేను రాను.

రెండు. జుట్టు ప్రాణం లేని పదార్థం. దాన్ని తీయడానికి మంగలి చాలు. మేనమామ ఒడి ఎందుకు, గొర్రెపిల్ల ఎందుకు, పసుపు బట్ట ఎందుకు? మనలాంటి శ్రమజీవులను ఇట్లాంటి ముళ్ళకంపల్లోనే వెయ్యేండ్లుగా ఇరికించి పెట్టినారు. వాణ్ణి ఎవరు పట్టుకుంటే ఏంది, ఎవరు కత్తిరిస్తే ఏంది? కత్తెర కత్తెరే!

పలకల కార్ఖానాలో చట్రాలు బిగించే పనిలోనే ఉన్నాను. మధ్యాహ్నం అన్నాలప్పుడు అందరికీ కరపత్రాలు చదివి వినిపిస్తున్నాను. ఆదెయ్య మేస్త్రీ నిన్న ఏమన్నాడో తెలుసా? "ఒరే బ్రహ్మం, పలకకు చట్రం బిగించడం వచ్చింది గానీ, నీ నోటికి బిగించేవాడు ఇంకా పుట్టలేదురా!" అందరూ నవ్వినారు. నవ్వనీ. విన్నారు గదా.

మేనల్లుడికి ముద్దులు.

నీ తమ్ముడు,
బ్రహ్మం


హా
10 జనవరి 1965

ప్రియమైన తమ్మునికి,

నీ జాబు మీ బావకు చదివినాను. "మీ తమ్ముడు జాబు రాసినాడా, మీటింగు పెట్టినాడా?" అన్నాడు. పటాలం సంగతి మీరిద్దరూ ఎదురుబొదురు కూర్చున్నప్పుడు తేల్చుకోండి.

ఇక్కడ మంచు పడింది. బయట ఆరేసిన చీర చెక్కలాగా బిగిసిపోతుంది, చంకలో పెట్టుకొని లోపలికి తేవాలి. ఈ చలికి బిడ్డకు తలస్నానం పోయడం కుదరడం లేదు. జుట్టు జడలు కట్టింది, పేలు పడినాయి. ఇప్పుడు తలలో పుండ్లు లేచినాయి. రాత్రంతా గోక్కొని ఏడుస్తున్నాడు. మీ బావ నెల కిందటే తీసేద్దామన్నాడు, నేనే కత్తెర దాచిపెట్టినాను. పటాలం డాక్టరు నిన్న చూసి, "ఇంకా ఆలస్యం చేస్తే చీము పడుతుంది, జుట్టు తీయకుండా మందు పట్టదు" అని నన్ను కోప్పడినాడు.

మందు నీళ్ళతో కడుగుతా, ఇంకొన్నాళ్ళు ఆపగలను. దీంట్లో దేవుడు వద్దు, పసుపు బట్టా వద్దు. నువ్వు వచ్చి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకో, చాలు. వస్తావా రావా, ఆ ఒక్కటీ రాయి.

రమణమ్మ


మార్కాపురం
6 ఫిబ్రవరి 1965

అక్కా,

బిడ్డ తలలో పుండ్లు పెట్టుకొని నా కోసం ఆగినావా? ఇదే నేను చెప్పేది! ఆచారం మనిషిని ఎట్ల గుడ్డివాణ్ణి చేస్తుందో చూడు. ఈ జాబు అందిన పూటే జుట్టు తీయించు. నేను రాను. నేను వస్తే, నిన్నటి దాకా మాట్లాడినదంతా అబద్ధమైపోతుంది.

అమ్మ గొర్రెపిల్లను అమ్మలేదు. "అది గురవయ్యది, మేనమామ చేత్తో ఇవ్వాల" అంటుంది. "ఆ మేనమామ ఇవ్వడమ్మా" అంటే నా ముందు నుంచి అన్నం కంచం లాగేసింది.

బ్రహ్మం


హా
4 మార్చి 1965

ప్రియమైన తమ్మునికి,

నీ జాబు అందిన మరునాడే తీయించినాము.

దోర్జి అని ఒకాయన ఉన్నాడు. కొండ మీద జడలబర్రెలను కాస్తాడు, మాకు పాలూ వెన్నా తెచ్చిస్తాడు. మొదట్లో నేను పాలను వాసన చూసి వద్దంటే, మా గడప మీద కూర్చొని ఆ పాలు తానే తాగి చూపించినాడు. అప్పటి నుంచి గురవయ్య ఆయన భుజం దిగడు. నన్ను వచ్చీరాని హిందీలో "దీదీ" అంటాడు, అంటే అక్కా అని.

ఎవరు పట్టుకుంటే ఏంది అన్నావు గదా. నీ మాటే పట్టుకున్నాను. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటావా అని దోర్జిని అడిగినాను. ఆయన పోయి ముఖం కడుక్కొని, మంచి అంగీ వేసుకొని వచ్చినాడు. బిడ్డను తూర్పు ముఖంగా పెట్టుకొని ఆయనే మొదటి పాయ కత్తిరించినాడు. గురవయ్య ఏడవలేదు, ఆయన గడ్డం పట్టుకొని ఆడుకున్నాడు. ఎలీషబా పక్కన నిలబడి, "నేను ఇది చూడ్డానికొచ్చినానని మా పాస్టరుతో చెప్పొద్దక్కా" అని నవ్వించింది. తర్వాత దోర్జి వాడికి ఉన్ని టోపీ ఒకటి పెట్టినాడు. మీ బావ ఆయనకు భోజనం పెట్టి, "బావా" అని పిలిచినాడు.

పుండ్లు మానుతున్నాయి. రాత్రి నిద్రపోతున్నాడు.

రమణమ్మ


మార్కాపురం
29 మార్చి 1965

అక్కా,

ఎవడా దోర్జి?

బిడ్డ నెమ్మదించినాడు, సంతోషం. ఆ సంగతి పక్కన పెట్టు. వాడికి మేనమామ లేడా? చచ్చినాడా? పాలు పోసేవాణ్ణి పిలిచి ఆ చోట కూర్చోబెట్టమని నేను చెప్పినానా? మంగలితో తీయించమన్నాను! మంగలి వేరు. మంగలిని ఎవరూ బావా అని పిలవరు. బావకు నేనొక్కణ్ణే బావమరిదిని, ఇంకొకడు ఎట్ల పుట్టుకొచ్చినాడు?

ఇది ఆచారం గురించి కాదు. నేను ఆచారాన్ని ఒప్పుకోను. ఇది వేరే. ఏందో నాకు తెలుసు, రాయడానికి మాట దొరకడం లేదు.

జాబు చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. "కత్తెర కత్తెరే గదరా" అన్నది. ఈసారి కంచం నేనే పక్కకు నెట్టి లేచినాను. కార్ఖానాలో రెండు చట్రాలు విరగ్గొట్టినాను. ఆ ఉన్ని టోపీ ఏ రంగు?

బ్రహ్మం


హా
25 ఏప్రిల్ 1965

ప్రియమైన తమ్మునికి,

టోపీ ఎర్రది. నీకు నచ్చే రంగే.

పోయిన జాబులో ఒక సంగతి కావాలనే రాయలేదు. నీ మీద కోపంగా ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

దోర్జి కత్తిరిస్తా కత్తిరిస్తా ఉండి, కుడి చెవి పైన ఒక్క పాయ దగ్గర ఆగినాడు. "దీదీ, ఈ పని మీ దగ్గర ఎవరు చేస్తారు?" అని అడిగినాడు. తల్లి తమ్ముడు అని చెప్పినాను. "బతికే ఉన్నాడా?" అన్నాడు. ఉన్నాడు, కోపంలో ఉన్నాడు అన్నాను. ఆయన కత్తెర కింద పెట్టి, "అయితే ఇది ఆయనది" అన్నాడు. డాక్టరును అడిగితే, అక్కడ పుండు లేదు, ఉండనీ అన్నాడు.

ఆ పాయను రోజూ నూనె రాసి అల్లుతున్నాను. గుండు మీద ఒక్క జడ. సిపాయిలంతా వాణ్ణి చూసి నవ్వుతారు. ఇదేందిరా అని అడిగితే, "మామది" అంటాడు. నిన్ను చూసినట్టు వాడికి జ్ఞాపకం కూడా లేదు.

మంచు కరిగింది, దారి తెరిచినారు. పర్మిట్టు దీనితో పంపుతున్నాను. చింపదలుచుకుంటే చింపు.

రమణమ్మ


మార్కాపురం
17 మే 1965

ప్రియమైన అక్కకు,

ఎల్లుండి బయలుదేరుతున్నాను. యువజన సంఘంలో, కొండల్లో శ్రమజీవుల స్థితిగతులు చూసి రావడానికని చెప్పినాను. ఎవరూ నమ్మలేదు.

గొర్రెపిల్లను రైల్లో తీసుకుపోనిస్తారా అని స్టేషనులో అడిగితే, "ఇది రైలు, దొడ్డి కాదు" అన్నాడు స్టేషను మాస్టరు. జీవాలను కాసేవాళ్ళ హక్కుల మీద ఆయనతో చాలాసేపు వాదించినాను. తీరా అమ్మ వచ్చి, "అది ఇప్పుడు పిల్ల కాదురా, చూలు మీద ఉంది. వాడి మంద ఇక్కడ పెరగనీ, వాడు అక్కడ పెరగనీ" అని నన్ను లాక్కొచ్చింది. పుట్టబోయే మందకు వాడి పేరు నా చేతనే పెట్టించింది. జొన్నలు మూట కట్టింది, మోసుకొస్తున్నాను.

పటాలం మీద నా అభిప్రాయం మారలేదు. బావను సిద్ధంగా ఉండమను. దోర్జిని ఆ రోజు తప్పకుండా పిలువు, ఆయన పక్కనే కూర్చోవాలి. నేను వచ్చేదాకా ఆ పాయను ఎవరినీ ముట్టుకోనీయొద్దు.

కత్తెర వెతుక్కోకు. సెలవెందుకో చెప్పకముందే ఆదెయ్య మేస్త్రీ ఒకటి నూరి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టినాడు.

గురవయ్య మేనమామ,
బ్రహ్మం