మింగిన పేరు

జులై 9

క్లాన్ సొసైటీ సెక్రటరీ బ్రెండా కెనడా నుంచి మళ్లీ ఈమెయిల్ పెట్టింది. ఆగస్టు సమావేశానికి రెండు వందల పదిమంది వస్తున్నారట. అందరికీ మక్‌ఓరన్ గళ్ల శాలువాలు, కోటలో విందు, వంశపెద్ద అయిన చీఫ్‌గారితో ఫొటో. మర్నాడు గార్వల్ ఊరి శిథిలాల దగ్గర ప్లేక్, అదే స్మారక ఫలకం, ఆవిష్కరణ. ప్లేక్ మీద మాటలు నన్ను రాయమంది.

క్లాన్ అంటే వంశం అంటారు గానీ, మా భాషలో ఆ మాటకి అర్థం పిల్లలు. ఏ తండ్రి తన పిల్లల్ని గెంటేసి వాళ్ల పొలాలు గొర్రెల కామందుకి కౌలుకిస్తాడు? ఈ చీఫ్ పూర్వీకుడు ఇచ్చాడు. 1842లో, గార్వల్‌లో, ముప్ఫై ఒక్క ఇళ్లు ఖాళీ చేయించి మరీ. గెంటించుకున్నవాళ్ల వారసులు ఇప్పుడు గెంటినవాడి వారసుడి పక్కన ఫొటోకి క్యూ కడతారు. శాలువా కప్పుకుని ఏడుస్తారు. దాని పేరు హెరిటేజ్.

రాస్తానన్నాను. నేను రాస్తే ఎలా ఉంటుందో బ్రెండాకి తెలియదు పాపం.

జులై 12

అమ్మకి గుండె చుట్టూ నీరు చేరింది. వారాలే అని నర్సు నన్ను వాకిట్లోకి పిలిచి చెప్పింది. లోపలికి రాగానే అమ్మ అడిగింది: ఏమంటోంది, పోతానందా, మరి ఆ మాట నా మొహాన చెప్పడానికి దానికేం రోగం?

ఈ ఇంట్లో నిప్పు ఆరిపోవడం నేను చూడలేదు. రాత్రి పొయ్యిలో పీట్, అంటే ఎండిన చిత్తడిమట్టి, గడ్డల మీద బూడిద కప్పడం, పొద్దున్నే తీసి ఊదడం, ఎనభై ఏళ్లు అమ్మే చేసింది. ఇప్పుడు నేను. మంచంలోంచి అజమాయిషీ ఆవిడది. అలా కాదే షోనాగ్, దానికి ఊపిరాడద్దూ, పేపర్లో కాలమ్ గీకినంత సులువనుకున్నావా అంటుంది.

జులై 15

డ్రాఫ్ట్ అయింది. చివర అమ్మ పెగీతో మొదలుపెట్టి మా వంశం పేర్లు పెట్టాను, చిన్నప్పుడు అమ్మ బట్టీ పట్టించిన వరసలోనే. పెగీ డోనల్డ్ కూతురు, డోనల్డ్ ఇయన్ కొడుకు, ఇయన్ మర్డో కొడుకు, మర్డో నీల్ కొడుకు. గార్వల్ నుంచి గెంటబడినవాళ్ల సంతతి. ఇది చదివాక ఆ చీఫ్ మొహం చూడాలి.

అమ్మకి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని వింది.

ఒకడు తగ్గాడు, అంది.

జులై 15, రాత్రి

ఎవరని ఎంత అడిగినా చెప్పలేదు. మర్డోకీ నీల్‌కీ మధ్య ఏం చేసేదానివో గుర్తు తెచ్చుకో, అంది.

గుర్తుంది. అక్కడ గుటక వేసేవాళ్లం. అమ్మ వేసేది, అమ్మకి నేర్పిన తాత వేసేవాడట. నేనూ వేసేదాన్ని. ఊపిరి తీసుకునే చోటు అనుకున్నాను. యాభై మూడేళ్లొచ్చినా అదే అనుకుంటున్నాను.

జులై 16

లాఖ్లన్.

జులై 17

నిన్న అమ్మ అంతా చెప్పింది, పేరు తప్ప ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడు అమ్మ నిద్రపోతోంది.

లాఖ్లన్ మర్డో తండ్రి, నీల్ కొడుకు. ఎస్టేట్ అమీనా. అప్పటి చీఫ్ లండన్‌లో ఉన్నాడు, ఆయన ఏజెంటు గుర్రం దిగలేదు. ఏ గుమ్మం ఎవరిదో, ఎవరు మంచాన ఉన్నారో, ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో తెలిసినవాడు కావాలి కదా. మావాడు దొరికాడు. పొయ్యిలో నిప్పున్నంత సేపూ అది ఒకరి ఇల్లే. అందుకని ముందు నిప్పు ఆర్పాలి. ఏరు దూరం. ఆ ఇంటి పాలచట్టే ఎత్తి, ఆ ఇంటి పొయ్యిలోనే పోశాడు. ముప్ఫై ఒక్క ఇళ్లలోనూ. మొదటి ఇల్లు సొంత చెల్లెలు కట్రీనాది. మొదట అక్కడ చేస్తే మిగతావాళ్లు నోరెత్తరని.

ఈ పాల సంగతి నేను కనీసం ఇరవై సార్లు రాసి ఉంటాను. "చీఫ్ మనుషులు పాలు పోసి నిప్పు ఆర్పారు" అని. చీఫ్ మనుషులు!

దానికి ప్రతిఫలంగా లాఖ్లన్‌కి దొరికిందేమిటని అడిగాను. అమ్మ పైకప్పుకేసి చూసింది. నాకు అర్థం కాలేదు. అప్పుడు గోడ మీద చెయ్యేసి తట్టింది.

ఈ ఇల్లు. ఈ పొయ్యి.

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. చావబోయే మనిషి మీద అరిచాను. నువ్వు అంత బాగా తిడుతున్నావు, మధ్యలో ఎలా ఆపనూ, అంది.

జులై 20

అమ్మ బిస్కెట్ డబ్బాలోంచి కాగితం తీయించింది. తాళ్ల జాబితా. శవపేటికకి ఎనిమిది తాళ్లు, ఎవరిది ఏ తాడో చీటీ రాసి ముందే ఇస్తారు, ఆ ఎనిమిదిమందే గుంటలోకి దింపుతారు. తల దగ్గర మొదటి తాడు పెద్దకొడుక్కి. కొడుకులు లేకపోతే అల్లుడో, తమ్ముడి కొడుకో. అమ్మ నా పేరు రాసింది. పాస్టర్ ఏమైనా అంటే నా పెట్టెలోకి వచ్చి మాట్లాడమను, అంది.

నాలుగో తాడు తోర్మోద్‌కి.

నీటిపాయ అవతలి గట్టు మీద, మా ఇంటికి ఎదురుగా ఉంటాడు. ఎనభై నాలుగేళ్లు. కట్రీనా సంతతిలో మిగిలింది ఆయనొక్కడే. అమ్మా ఆయనా ఎనభై ఏళ్లు ఒకే చర్చిలో, రెండు బల్లల తేడాతో కూర్చున్నారు. ఒక్క మాట లేదు. రాడేమో అన్నాను. రాకపోతే ఆ తాడు వేలాడనీ, ఇంకెవరూ పట్టుకోకూడదు, అంది. నువ్వే వెళ్లి అడగాలి, ఉత్తరం గిత్తరం రాసేవు, నీకు రాయడం ఎక్కువ.

జులై 23, ఉదయం 5:40

పోయింది.

జులై 24

చీటీ జేబులో పెట్టుకుని తోర్మోద్ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో వల బాగుచేసుకుంటున్నాడు. రా పెగీ కూతురా అన్నాడు, కూర్చోమనలేదు.

లాఖ్లన్ గురించి నాకు ఇప్పుడే తెలిసిందన్నాను. నవ్వాడు. చీఫ్‌ని వారం వారం ఉతికి ఆరేస్తున్నావు, ఎస్టేట్‌ని ఏకుతున్నావు, మీ లాఖ్లన్ వంతు ఎప్పుడొస్తుందా అని పన్నెండేళ్లుగా ఒక్క వారం వదలకుండా చదువుతున్నానమ్మా, అన్నాడు. కాగితం బాగుంటుంది, చేపలు చుట్టడానికి కూడా.

జేబులో చీటీ తడుముకున్నాను.

వల ముడి బిగిస్తూ ఆయనే చెప్పాడు. వాళ్లింట్లో పాలు పొంగితే ఆడవాళ్లు ఉన్నపళాన బయటికి వెళ్లి నిలబడేవాళ్లట, వానైనా సరే, వాసన పోయేదాకా. ఎందుకో వాళ్లమ్మకి తెలియదు. అమ్మమ్మకీ తెలియదు. కాళ్లకి మాత్రం తెలుసు, అన్నాడు.

చీటీ ఇచ్చాను. అంకె చూశాడు. నాలుగా, గుండె పక్కనా, గట్టిదే మీ అమ్మ, అన్నాడు. వస్తాననలేదు. రాననలేదు. చీటీ తిరిగి ఇవ్వలేదు.

జులై 26

అంత్యక్రియలు గార్వల్ శ్మశానంలో. సన్నటి వాన. చీఫ్ పూలగుత్తి పంపాడు. దాన్ని గేటు బయటే పెట్టించాను. పెట్టిస్తుంటే నాకే సిగ్గేసింది. మా ఇంటి పూలు మాత్రం ఏం శుభ్రమైనవి?

ఎనిమిది తాళ్లకి ఏడుగురం. తోర్మోద్ రాతిగోడ అవతల నిలబడి ఉన్నాడు, టోపీ పెట్టుకుని. ఊరంతా చూసింది. ఎవరూ పిలవలేదు.

దింపే ముందు వంశం చెప్పాలి. మొదలుపెట్టాను. పెగీ డోనల్డ్ కూతురు. డోనల్డ్ ఇయన్ కొడుకు. ఇయన్ మర్డో కొడుకు. మర్డో... అక్కడ గొంతు దానంతటదే గుటక వేసింది. అలవాటు. మళ్లీ మొదలుపెట్టాను. మర్డో లాఖ్లన్ కొడుకు. చెల్లెలు కట్రీనా పొయ్యి ఆర్పిన లాఖ్లన్. లాఖ్లన్ నీల్ కొడుకు. గాలి గోడ వైపే వీస్తోంది.

తోర్మోద్ టోపీ తీశాడు. లోపలికి రాలేదు.

అంత్యక్రియల మేస్త్రీ నాలుగో తాడు అందుకోబోయాడు. వద్దన్నాను. పెట్టె ఒరిగిపోతుందమ్మా అని గొణిగాడు. ఒరగనివ్వండి అన్నాను. ఒరిగింది. గుండె పక్క గుంట గోడకి గీసుకుంటూ దిగింది అమ్మ. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తోంది.

మేం తాళ్లు వదిలేసి తలెత్తేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు.

జులై 30

ప్లేక్‌కి కొత్త డ్రాఫ్ట్ పంపాను. అప్పటి చీఫ్ పేరు, దాని కిందే లాఖ్లన్ పేరు, ఇంటిపేరుతో సహా. బ్రెండా జవాబు: వచ్చేవాళ్లు గర్వంగా తిరిగి వెళ్లాలి కదా డియర్, ఇంత అవసరమా?

ఆగస్టు 2

ప్లేక్ వాయిదా. విందు మాత్రం ఉంది.

ఆగస్టు 5, మధ్యాహ్నం

పాలగిన్నె తెచ్చి పొయ్యిలో పోశాను. బుస్సుమని నిప్పు ఆరిపోయింది. ఇరవై సార్లు రాశానే, వాసన ఒక్కసారీ రాయలేదు. పసిపిల్ల జావ మాడిన వాసన.

బయటికి వచ్చి నిలబడ్డాను. పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. నీటిపాయ అవతల తోర్మోద్ కూడా బయటే నిలబడి ఉన్నాడు.